ఈడ చోటుండాది

అక్షరం తప్పు పోనివ్వనని నాకు పొగరు. ఉన్నమాటే చెబుతున్నాను. నలభై ఏళ్లు కడపలో బోర్డులు రాశాను. "ఇచట టిఫిన్లు లబించును" అని కాగితం మీద రాసుకొచ్చిన హోటలాయనకు 'భ' పెట్టి పంపాను. "స్వచమైన నెయ్యి" తెచ్చిన వాడికి చ కింద ఛ ఒత్తు చూపించి, నాలుగు చీవాట్లు పెట్టి మరీ రాసిచ్చాను. సరిదిద్దమని నన్నెవరూ అడగలేదు. అయినా చేతిలో కుంచె ఉన్నవాడికి ఆ మాత్రం అధికారం ఉంటుందని నా నమ్మకం.

మాట కూడా అంతే. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మాస్టారు, మేము 'ఉంది' అనకుండా 'ఉండాది' అంటే వేళ్ల మీద కొట్టేవాడు. ఆ దెబ్బలు నాకు బాగా వంటబట్టాయి. కూరగాయల దగ్గర కూడా "ఎక్కడ ఉంది, ఎంత ఉంది" అనే అడిగేవాణ్ణి. "ఏమప్పా, రేడియో మాదిరి మాట్లాడతాండావు" అని బజారులో నవ్వేవాళ్లు. నవ్వుకోనీలే అనుకునేవాణ్ణి.

ఫ్లెక్సులు వచ్చి నా నోట్లో మన్ను కొట్టాయి. లారీల వెనక రాసే పని స్టిక్కర్ల వాళ్లు పట్టుకుపోయారు. షట్టరు తీసి కూర్చుంటే ఈగలు తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అప్పుడు కర్నూలు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఆయన దగ్గర పాత కాలపు స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. అలాంటి కార్లున్న వాళ్లు ఏడాదికి రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట కూడి, కార్లు వరసగా నిలబెట్టి జనానికి చూపిస్తారట. ఒక్కో కారు ముందు చిన్న స్టాండు, దాని మీద బోర్డు. ఏ సంవత్సరం బండి, ఇంజను ఎంత, ఎవరు బాగు చేశారు, అన్నీ ఆ బోర్డు మీద ఉండాలి, పైన కారు బొమ్మ. మార్కులు వేసేవాళ్లు ముందు బోర్డు చదివి తర్వాత కారు చూస్తారట.

"ఫ్లెక్సు పెడితే పట్టుచీర మీద ప్లాస్టిక్ దండ వేసినట్లు ఉంటాదప్పా. చేత్తో రాసింది కావాల" అన్నాడు డాక్టరు. ఆ మాట నాకెంత బలమిచ్చిందో చెప్పలేను. ఆయన బోర్డు చూసి ఇంకొకరు, వాళ్లది చూసి ఇంకొకరు వచ్చారు. ఏడాదికి నాలుగైదు పనులు, అంతే. కానీ ఒక్కో పనికి మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాలూ నాకు ఎదురుగా ఒక కారు ఉండేది. ఇంట్లో నేనొక్కణ్ణే. పిల్లలు లేరు. భార్య పోయి నాలుగేళ్లు.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయిన ఒకాయన వచ్చింది ఆ రోజుల్లోనే. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గోళ్ల కింద గ్రీజు. తన కారు ఫోటోలు బల్ల మీద పరిచాడు. ఎర్రటి రెండు సీట్ల బండి, పైకప్పు లేదు. ఎక్కడో తుప్పు పట్టి పడి ఉన్నదాన్ని తెచ్చుకుని, తొమ్మిదేళ్లు ఇంటి పక్క షెడ్డులో సొంత చేతుల మీద బాగు చేసుకున్నాడట. గండికోటలో జరగబోయే కూడికకు మొదటిసారి బయటికి తీస్తున్నాడు.

కాగితం ఇచ్చాడు. కారు వివరాలన్నీ ఇంగ్లీషులో టైపు చేసి ఉన్నాయి. అడుగున మాత్రం పెన్నుతో ఒక తెలుగు వరస. "ఈడ చోటుండాది."

"ఈ వరస పెద్దగా రాయాలప్పా. ఎట్ల రాసినానో అట్లనే" అన్నాడు.

"అలాగే సార్" అన్నాను. ఆ మాట అందరూ చెప్పేదే. 'లబించును' రాసుకొచ్చినాయన కూడా అట్లనే రాయమన్నాడు మరి!

బోర్డుకు అడుగున ముదురాకుపచ్చ నేల రంగు కట్టాను. మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య నీళ్ల కాగితంతో, అంటే తడిపిన గరుకు కాగితంతో రుద్దుడు. కారు బొమ్మకు పది రోజులు పట్టింది. ఎరుపు అంటే ఒక్క ఎరుపు కాదు. ఎండ తగిలిన బానెట్టు మీద ఒకటి, తలుపు కింద ఒకటి, చక్రం పక్కన దాదాపు నలుపు. సీట్ల తోలు మీద కుట్లు కూడా లెక్కపెట్టి వేశాను. చివరికి అక్షరాలకు వచ్చాను, మీగడ రంగులో. ఆ తెలుగు వరస దగ్గర ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పెద్ద చదువు చదివిన మనిషి, బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు చదువుతారు, నలుగురిలో నవ్వులపాలు కాకూడదని నా ఆత్రం. "ఇక్కడ చోటు ఉంది" అని రాశాను. గుండ్రంగా, ముత్యాల్లా వచ్చాయి. దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా.

కూడికకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. బోర్డు మీది గుడ్డ తీశాను. కారు బొమ్మ చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బ! శానా బాగుండాదప్పా. కుట్లు కూడా ఏసినావే!" అని దగ్గరికి వంగాడు. వంగి కిందకు చదువుకుంటూ పోయాడు. చివరి వరస దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ చదివాడు.

"ఇది ఎవురి మాటప్పా?" అన్నాడు.

"మీదే సార్. కొంచెం తప్పుంటే దిద్దాను."

"తప్పా?"

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. 'ఈడ' అనేది వాడుక, రాతలో 'ఇక్కడ' అనాలి, 'ఉండాది' బోర్డు మీద బాగుండదు అంటూ పాఠం మొదలుపెట్టాను. ఆయన అడ్డు రాలేదు. నేను ముగించేదాకా విని, స్టూలు మీద కూర్చున్నాడు.

"బండికి చక్రాలు కూడా లేవప్పా అప్పుడు. ఇటుకల మీద నిలబెట్టినా" అని మొదలుపెట్టాడు. "సాయంత్రం నా భార్య టీ తీసుకుని షెడ్డుకు వచ్చేది. వచ్చి స్టీరింగు ముందర కూర్చునేది. నేను బండి కింద పండుకోని పని చేస్తాంటే, పక్క సీటు మీద చెయ్యితో తట్టి, 'ఎంతసేపు ఆడ పండుకుంటావు, ఈడ చోటుండాది, రా' అనేది. ఈ నట్టు బిగించి వస్తా, ఈ ఒక్క వైరు చూసి వస్తా అంటాంటి. టీ సల్లారిపోయేది. ఆమె లేచి పోయేది. తొమ్మిదేండ్లు పిలిచింది. ఒక్కనాడు గూడా పోయి కూర్చోలేదు. బండి కదిలేనాటికి ఆమె లేదు."

నా కళ్లు బోర్డు మీది చివరి వరస మీదికి పోయాయి.

"ఆమె ఏనాడూ 'ఇక్కడ' అనలేదప్పా" అన్నాడాయన. బోర్డు మీద గుడ్డ ఆయనే కప్పాడు. "ఉండనీలే. బోర్డు లేకుండానే పోతా" అని వెళ్లిపోయాడు. పనికి వంక పెట్టలేదు, కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నిజం చెప్పాలంటే ముందు నాకే కోపం వచ్చింది. ఆ సంగతి మొదటే చెప్పి చావొచ్చు కదా, నాకేమైనా కలొస్తుందా అని గొణుక్కున్నాను. షట్టరు సగం దించి ఇంటికి పోయాను. అన్నం పెట్టుకుని కూర్చున్నాను.

నా భార్యది ఆదోని పక్క పల్లె. కన్నడం కలిసిన మాట. డబ్బులను దుడ్లు అనేది. 'ఉండాది' లేకుండా ఆమె నోట ఒక మాట వచ్చేది కాదు. పెళ్లయిన కొత్తలో "ఉప్పు యాడుండాది?" అని అడిగితే, "ఎక్కడ ఉంది అనాలి" అన్నాను. "నీ బోర్డు మీద రాసుకో పో" అని నవ్వింది. ఆ నవ్వు కొన్నేళ్లు నడిచింది. నేను దిద్దుతూనే ఉన్నాను, ఇంటికి చుట్టాలొస్తే వాళ్ల ముందు కూడా. ఎప్పటి నుంచో తెలియదు, ఆమె నవ్వడం మానేసింది. తర్వాత నాతో పెద్ద మాటలు మానేసింది. "ఊఁ", "సరే", "పెట్టినా", "తిను", అంతే. వాళ్ల చెల్లెలితో ఫోనులో మాత్రం గలగలా మాట్లాడేది. నేను గడపలో అడుగు పెడితే గొంతు తగ్గిపోయేది. మనిషి స్వభావం అంతేలే అనుకున్నాను ఇన్నేళ్లూ. నేనే నోరు మూయించానని ఆ అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ఒక్క తప్పు మాట వినపడలేదు. అసలు మాటే వినపడలేదు. ఆమె గొంతు గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే, ఆమె 'ఉండా' అనేలోపే నా గొంతు అడ్డం పడి 'ఉంది' అంటోంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. కంచం పక్కకు తోసి ఏడ్చాను.

పొద్దున్నే షాపుకు పోయి బోర్డు తీశాను. ఆ చివరి వరసను నీళ్ల కాగితంతో రుద్దేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు పచ్చటి నురగై పోయాయి. నేల రంగు మళ్లీ కట్టి, ఫ్యాను పెట్టి, మధ్యాహ్నందాకా కాచుకున్నాను. తర్వాత కుంచె పట్టుకుంటే చెయ్యి సహకరించలేదు. నలభై ఏళ్లలో ఆ మాట ఒక్కసారీ రాయలేదు. 'ఉం' తర్వాత చెయ్యి తనంతట తానే 'ది' వైపు పోతోంది. రెండుసార్లు తుడిచాను. చివరికి ఆయన కాగితం ఎదురుగా అతికించుకుని, బడిపిల్లాడిలా పైకి అనుకుంటూ రాశాను. ఈడ. చోటుం. డా. ది. ఖాళీ షాపులో నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఫోను చేయడానికి మొహం చెల్లలేదు. మర్నాడు తొలి బస్సు పట్టుకుని బోర్డుతో జమ్మలమడుగు పోయాను. ఎనామిల్ రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. "లగేజీ పైన ఏయ్యప్పా" అని కండక్టరు, వేస్తే పాడవుతుందని నేను. చివరికి ఎర్రగుంట్లలో జనం దిగేదాకా దాన్ని ఒళ్లో నిలబెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా కాపలా కాశాను. జమ్మలమడుగు నుంచి ఆటోలో గండికోట చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

కోట బయటి మైదానంలో పాతిక కార్లదాకా ఉన్నాయి. నా చేతి బోర్డులు మూడు దూరం నుంచే గుర్తుపట్టాను. ఎర్ర బండి వరస చివర ఉంది, ముందు ఖాళీ స్టాండు. ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోయి బోర్డు మీది గుడ్డ తీశాను.

చదివాడు. చదువుతూ వేలితో 'డా'ను తాకాడు. తడి అక్షరం కాస్త చెదిరి, మీగడ రంగు వేలికి అంటింది. "అయ్యో సార్, ఇటివ్వండి, సరిచేస్తాను" అన్నాను. జేబులో కుంచె తెచ్చుకునే ఉన్నాను.

"ఏమీ దిద్దొద్దప్పా" అన్నాడు. "ఇంగ దిద్దొద్దు."

బోర్డును స్టాండు మీద పెడతాడనుకున్నాను. పెట్టలేదు. కారు తలుపు తీసి, స్టీరింగు ముందరి సీటులో దాన్ని నిలబెట్టాడు. పడిపోకుండా దాని వీపు వెనక తువ్వాలు మడిచి పెట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి, అవతలి తలుపు తీసి, పక్క సీటులో తను కూర్చున్నాడు.

మార్కులు వేసేవాళ్లు వచ్చారు. బోర్డు స్టాండు మీద ఉండాలన్నారు. ఆయన తలూపాడు కానీ లేవలేదు. వాళ్లు ఏదో రాసుకుని పోయారు. జనం వచ్చి ఫోటోలు తీసుకున్నారు. డ్రైవరు సీటులో బోర్డు, పక్కన పెద్దాయన. కొందరు నవ్వారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎక్కడికో తీసుకుపోతున్నట్లు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. గంట చూశాను. ఆ మనిషిని చూస్తుంటే నాకు ఈర్ష్య కలిగింది. ఆయన దగ్గర కనీసం ఆమె పిలుపు అలాగే ఉంది. చెప్పకుండానే వచ్చేశాను.

సాయంత్రం జమ్మలమడుగులో కడప బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు నిండిపోయింది. చేతిలో సంచితో నడివయసు ఆడమనిషి ఒకామె సీట్లు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఏమప్పా, ఈడ చోటుండాదా?"

నోటిదాకా వచ్చిన 'ఉంది'ని మింగేశాను.

"ఉండాదమ్మా. కూర్చో" అన్నాను.

ఆమెకు నా మాటలో వింతేమీ కనపడలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి, కడప వచ్చేదాకా ఆ మాటనే లోపల అనుకుంటూ ఉన్నాను. నా భార్యకు ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.