పరామర్శకు వచ్చినవాళ్లు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పక్కింటావిడ కోసం ఈ ఉదయం బత్తాయిలు కొన్నాను. ఒకటి నొక్కుపడి ఉంటే, అది మనమే తిందామని మా ఆయన పక్కన కూర్చుని ఒలిచాను. తొక్కలోంచి చిమ్మిన తుంపర ముక్కుకు తగలగానే గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఆసుపత్రి వరండా, అందులో నవ్వు ఆపుకుంటూ నిలబడిన డాక్టర్ షహనాజ్ గారు కళ్ల ముందుకొచ్చారు. ఆవిడను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. గ్యాస్ బండ మార్చిన రోజు, పత్తి తీతకు మనుషులు వచ్చే రోజు అన్నీ క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటాను. వాన నీ క్యాలెండరు చూసుకుని పడుతుందా అని మా ఆయన ఎగతాళి చేసేవారు. అలాంటి మనిషి మిరప కల్లంలో కాయలు తిరగేస్తూ ఒక పక్కకు ఒరిగిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. గుంటూరు తీసుకెళ్తే మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మర్నాడు మళ్లీ స్కాన్ తీసి, రక్తం కారడం ఆగిందని షహనాజ్ గారు చెప్పారు. కారడం ఆగింది కాబట్టి ఇక మెరుగేనని నేను లెక్క వేసుకున్నాను.

మూడో రోజు ఆయన కళ్లు కూడా తెరవలేదు. మా ఆయనకు అక్కగారు, మా సుబ్బాయమ్మ వదిన, ఇక్కడేదో పొరపాటు జరిగిందనీ వెంటనే హైదరాబాదు తీసుకుపోవాలనీ పట్టుబట్టింది. అంబులెన్సు కూడా మాట్లాడేసింది. సంతకం పెట్టాల్సింది నేను. పెట్టేముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, రక్తం ఆగితే పరిస్థితి ఎందుకు దిగజారిందో చెప్పమని నిలదీశాను.

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకొచ్చారు. మా ఊరు సగం అక్కడే ఉంది. ఆటోలు కట్టించుకుని పరామర్శకు వచ్చారు. కొబ్బరిబోండాలు, బ్రెడ్డు, గుట్టగా బత్తాయిలు. ఎవరో అప్పుడే ఒకటి ఒలిచారు. ఒకాయన మందుల బండిని పక్కకు నెట్టి కుర్చీ వేసుకున్నాడు.

"వీళ్లలో మీవారికి చెడు కోరి వచ్చినవాళ్లున్నారా, టీచరుగారూ?"

లేరన్నాను.

"మరి నర్సు లోపలికి వెళ్లడానికి దారుందా?"

అదీ లేదన్నాను.

"ఆయన తలలోనూ ఇదే జరుగుతోందమ్మా. చిందిన రక్తాన్ని శుభ్రం చెయ్యడానికి ఒంట్లోని రక్షక కణాలు పరిగెత్తుకొచ్చాయి. మంచికే వచ్చాయి. కానీ ఆ తొక్కిసలాటకి బాగున్న భాగం కూడా వాస్తోంది. పుర్రె సాగదు కదా, మెదడు నలుగుతోంది."

వెనకే నిలబడి విన్న వదిన, తన మోకాలి వాపుకు వేసిన ఇంజెక్షనే తమ్ముడికీ వెయ్యమంది. డాక్టరుగారు విసుక్కోలేదు. ఆ మందు ఇక్కడ మేలు చెయ్యదన్నారు. వచ్చినవాటన్నిటినీ తరిమేస్తే శుభ్రం చేసేవే ఉండవనీ, దేన్ని ఎప్పుడు ఆపాలో వైద్యానికి ఇంకా పూర్తిగా అంతుపట్టలేదనీ చెప్పారు. బీపీ, జ్వరం పెరగకుండా చూస్తూ కనిపెట్టుకుని ఉండాలి. ఒత్తిడి మితిమీరితే ఆపరేషను. ఈ స్థితిలో ఆయన్ని దూరం తిప్పడం ప్రమాదం.

"ఏ తారీకుకి లేస్తారు?" అని అడిగాను.

"తెలియదండీ. తెలిస్తే మీ దగ్గర దాస్తానా?"

తెలియదన్న మాటను అంత నిబ్బరంగా చెప్పినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. బడిలో నేనెప్పుడూ ఆ మాట అనలేదు, పిల్లలు అంటే ఊరుకోలేదు. ఆవిడ మీద నాకు గురి కుదిరింది ఆ మాటతోనే. అంబులెన్సును వెనక్కి పంపేశాను. వరండా మొదట్లో కుర్చీ వేసుకుని, మనుషుల్ని ఒక్కొక్కరినే లోపలికి వదిలాను. వాళ్లలో సగం మంది నా దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాళ్లే కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. మా ఊరి ప్రెసిడెంటు చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డాడు. డాక్టరుగారు నవ్వు ఆపుకున్నది అది చూసే.

ఆ తర్వాత రోజూ వచ్చి ఉన్నది ఉన్నట్టే చెప్పేవారు. ఇవాళ అలాగే ఉంది అనేవారు. ఇవాళ వాపు కాస్త తీసింది అనేవారు. రేపటి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కొన్నాళ్లకు మా ఆయన కళ్లు తెరిచారు. ఒకరోజు వదిన మంచం పక్కన కూర్చుని, పక్షవాతానికి తనకు తెలిసిన పసర్లన్నీ వరసపెట్టి చెబుతోంది. మంచం మీంచి ముద్దగా ఒక గొంతు వినిపించింది.

"అక్కా... కాస్త ఆగు."

వదిన ఏడుస్తూ నవ్వుతూ ఆసుపత్రంతా తిరిగి చెప్పొచ్చింది. తమ్ముడి నోట మొదట వచ్చిన మాట 'అక్కా' అని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటుంది. తర్వాతి రెండు మాటలూ మింగేస్తుంది.

షహనాజ్ గారు రిటైరయ్యాక మోకాలికి ఆపరేషను చేయించుకున్నారని తెలిసింది. నేను వెంటనే వెళ్లలేదు. చుట్టాలూ స్నేహితులూ వచ్చిపోయాక, ఇల్లు సద్దుమణిగాక వెళ్లాను.

"అందరికంటే ముందొస్తారనుకున్నానే, టీచరుగారూ?" అన్నారు.

"తొక్కిసలాట తగ్గాలి కదండీ" అన్నాను. కట్టు కట్టిన మోకాలు పట్టుకుని మరీ నవ్వారు.

ఇప్పుడు మా ఆయన కర్ర పట్టుకుని కల్లం దాకా వెళ్లి, కాయలు సరిగ్గా తిరగెయ్యలేదని అందర్నీ కోప్పడి వస్తున్నారు. పక్కింటి గుమ్మాన్ని నేను నాలుగు రోజులుగా గమనిస్తున్నాను. మెట్ల నిండా చెప్పులే. ఇవాళ ఒక్క జతే కనిపించింది. బత్తాయిల సంచీ చేతికి తీసుకున్నాను. ఆవిడకు కాస్త వంట చేసిపెట్టి, ఇల్లూడ్చి, కబుర్లు చెప్పి రావాలి.

"ఎన్నింటికి వస్తావ్?" అని అడిగారు మా ఆయన.

"తెలియదండీ" అన్నాను.

ఆయన గోడ మీది క్యాలెండరు వంక చూసి, బత్తాయి తొన నోట్లో పెట్టుకుని నవ్వారు.