మామ కట్టిన మునిగే పడవ

మా మామకు పిచ్చి అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను. ఆయన నాకు సొంత మేనమామ. తిరుత్తణిలో ఆయన ఇంట్లోనే నేను మగ్గం నేసేవాణ్ణి కాబట్టి, డెబ్బైల చివర్లో ఆ పడవ కట్టిన రోజులన్నీ నా కళ్ళెదుటే గడిచాయి.

పెళ్ళైన కొత్తలో మామ రెండో ప్రపంచ యుద్ధానికి పోయి ఒక పెద్ద ఓడలో పనికి కుదిరాడు. ఆ ఓడ వెంట నలుగురు మాత్రమే పట్టే బుల్లి జలాంతర్గాములు ఉండేవి. వాటి సంగతి బయటికి పొక్కకూడదని ఓడలో ఎవరినీ ఇంటికి జాబు రాయనివ్వలేదట. మూడేళ్ళపాటు మొగుడు బతికున్నాడో లేదో అత్తకు తెలియదు. తిరిగొచ్చాక ఆయన చెప్పిన కారణం ఆమెకు ఎక్కలేదు. యుద్ధమంటే బర్మాయే ఆమెకు. అక్కడ ఎవతెనో పెట్టుకున్నాడని మనసులో ముద్ర పడిపోయింది. కాపురం చేసింది, పిల్లల్ని కన్నది, ఆ ముద్ర మాత్రం చెరగలేదు.

"నీళ్ళల్లో మునిగేదంట, మళ్ళా లేసేదంట, దాంట్లో మనుషులంట. ఎవురికి చెప్తావయ్యా ఈ కత?" అనేది.

ఒకరోజు మామకు రోషం వచ్చింది. "కట్టి చూపిస్తా. మునిగి లేస్తే నమ్ముతావా?"

"సరి, లేస్తే నమ్ముతా" అంది అత్త.

ముప్పై ఏళ్ళ అనుమానం తీరడానికి ఆయనకు అదొక్కటే దారి అయి కూర్చుంది. అసలు పడవలో అడుగుకి అర అంగుళం లెక్కన నేల మీద సుద్దతో గీశాడు. వెదురు బద్దలు వంచి కట్టి, పైన పాత పంచె పొరలు పొరలుగా చుట్టాం. గుడ్డ బిగియాలంటే మా నేతవాళ్ళకు తెలిసింది ఒకటే, గంజి. పడుగుకు పెట్టే చిక్కటి గంజిని అత్తే కాచి ఇచ్చింది. ఎండాక వేలితో కొడితే ఠంగుమంది. తిరువళ్ళూరు నుంచి బూడిదరంగు పెయింటు తెచ్చి పైన దట్టంగా పూశాం. పడవ కడుపులో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, దానికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించాడు. గాలి వదిలితే అడుగున పెట్టిన బెజ్జాల్లోంచి నీళ్ళు లోపలికెక్కి పడవ మునుగుతుంది. ఊదితే ట్యూబు ఉబ్బి ఆ నీళ్ళను తోసేస్తుంది, పడవ లేస్తుంది. పైమూత ఎటు తెరుచుకోవాలో, ఏ చీల ఎక్కడుండాలో తడుముకోకుండా చెప్పేవాడు. చూడని మనిషి అలా చెప్పలేడు. నేను నమ్మాను. నేను నమ్మి ఏం లాభం?

మొదటి మునక అత్త కళ్ళ ముందే కావాలని పట్టుబట్టాడు. పెరట్లో నూలు కడిగే సిమెంటు తొట్టి నింపాం. మామ గాలి వదిలాడు. పడవ ముక్కు వంచి నెమ్మదిగా అడుక్కి దిగింది. అత్త గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ముఖం చూసి ఆయన మురిసిపోయాడు. "ఇట్లే తాన్, గంటగంటలు కిందనే ఉంటారు" అంటూ కాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత ఊదాడు. లేవలేదు. మెడ నరాలు తేలేలా ఊదాడు. ట్యూబు ఒక్కటే గుడ్డ చీల్చుకుని పైకొచ్చింది, దాని వెనకే తెల్లటి గంజి. కడుపులో చెయ్యి పట్టక లోపలి వైపు పెయింటు వెయ్యలేదు. నీళ్ళు వెళ్ళేది అక్కడికే. గంజి నీళ్ళకు కరుగుతుందని మాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ ఉతికి పోగొట్టేది దాన్నే కదా! పైన రంగుందిలే అనుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

"గంజి కరిగిపాయ. అసలుది ఇనుముతో..." అన్నాడు మామ.

అత్త అరవలేదు. "చాలయ్యా. ఇంక చెప్పబాకు. ఆమె పేరన్నా చెప్పు. అది చెప్తే నాకు నెమ్మది" అంది.

మామ తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. నేను నోరు తెరవబోతే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. అప్పుడు నోటికొచ్చిన ఒక ఆడపేరు చెప్పాడు. "ఉన్నింది. ఆడనే చచ్చిపొయ్యింది" అన్నాడు.

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట అప్పుడే చెప్పింటే ఏమయ్యా?" అంది. ఆ గొంతులో అంత మెత్తదనం నేనెన్నడూ వినలేదు. ఆ పూట అన్నం వడ్డించి, ఆయన పక్కనే చేరి, "ఎట్లుండేది ఆమె?" అని అడిగింది.

లేని మనిషి ముఖాన్ని వెతుక్కుంటూ మామ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాటా అత్త నమ్మింది.