చుక్క కారని ఇంట్లో బెల్లం మూటలు

నా చిన్నప్పుడు తిరుపతిలో మేమున్న బాడుగింట్లో, వీధిలో కంటే ఎక్కువ వాన కురిసేది. ముందే ఒప్పేసుకుంటున్నాను, పిడికెడు సంగతిని బండెడు చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. నేనేం చెప్పినా మా ఆవిడ నాలుగోవంతుకు దించి వింటుంది. మీరూ అలాగే వినండి, ఇద్దరికీ సుఖం.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. మా నాయన రేణిగుంట స్టేషన్లో సరుకుల గుమాస్తా. ఇల్లు కొండ కింద వీధిలో, నాటు పెంకులది. కొండ దిగిన ప్రతి కోతీ మా కప్పు మీదుగానే ఊళ్లోకి పోయేది. ఏళ్ల తరబడి అవి తొక్కిన తొక్కుడుకు పెంకులు సగం పగిలాయి, మిగతా సగం చోటు మారాయి. వాన మొదలైతే ఇంట్లో ఉన్న గిన్నె, చెంబు, తపేలా అన్నీ నేల మీదే ఉండేవి. అన్నం వండాలంటే ముందు ఏ గిన్నెలో నీళ్లు పారబొయ్యాలో మా అమ్మ, మా అవ్వ కూర్చుని ఆలోచించేవాళ్లు. మా నాయన గొడుగు వేసుకుని భోంచేసేవాడు. ఉన్నది ఒకటే గొడుగు కాబట్టి, ఆయన తిని లేచాక మిగతావాళ్లం వంతులవారీగా తినేవాళ్లం.

ఆ ఏడు కార్తీకంలో మా అక్క తొలి కాన్పుకు వచ్చింది. నెలలు నిండుతున్నాయి. ఇంట్లో తలుపున్న గది నడిమిల్లు ఒక్కటే, అన్నిటికంటే ఎక్కువ కారేదీ అదే. పచ్చి బాలింతను, పసిబిడ్డను ఆ తడిలో ఎక్కడ పడుకోబెట్టాలో తోచక మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. ఈ ముక్కను మాత్రం ఏమీ దించుకోకుండా వినండి.

ఇంటి యజమానిని మేమంతా ఇంటాయన అనేవాళ్లం. రెండు వీధుల అవతల ఉండేవాడు. మా నాయన మూడుసార్లు వెళ్లి అడిగాడు. మూడుసార్లూ ఒకటే జవాబు. "యుద్ధం అయిపోనీప్పా, ఇప్పుడు పెంకులు యాడ దొరకతాయి?" దాంతో మా కప్పు సంగతి జర్మనీవాడి చేతిలోకి వెళ్లిపోయింది. వాడు ఓడిపోయాడేమోనని నాయన రోజూ స్టేషన్లో పేపరు చూసుకుని వచ్చి, మా అమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు.

చివరికి మా అవ్వే బయల్దేరింది, నన్ను వెంటబెట్టుకుని. మేం వెళ్లేసరికి ఇంటాయన వాకిట్లో రెండు బండ్ల బెల్లం దిగడానికి సిద్ధంగా ఉంది. చంద్రగిరి దగ్గర ఆయనకు చెరుకు తోట ఉండేది. అది తొలి గానుగ బెల్లం. ఇల్లంతా చెనక్కాయల మూటలతో నిండిపోయి ఉంటే ఈ బెల్లం నా నెత్తిన పెట్టుకోవాలా అని ఆయన భార్య లోపలినుంచి అరుస్తోంది. ఆ అరుపు చిత్తూరు దాకా వినబడి ఉంటుంది. అంతమంది ఎదుట అవ్వ పెంకుల మాట ఎత్తేసరికి ఇంటాయనకు రోషం వచ్చింది.

"యాడ కారతా ఉండాదవ్వా? మా నాయన కట్టించిన ఇల్లది. ఎంత వానొచ్చినా సుక్క రాలదు. కావాలంటే ఈళ్లనడుగు!"

బండ్లవాళ్లు మా ఇల్లు ఎన్నడూ చూసినవాళ్లు కాదు. అయినా గట్టిగా తలలూపారు.

మా అవ్వ వాదించలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "నిజమేలే నాయనా. ముసల్దాన్ని, నా కండ్లే కారతా ఉండాయేమో" అంది. బండ్ల వైపు చూసింది. "అట్టాంటి ఇంట్లో నడిమిల్లు ఊరికే పడుండాది. ఈ బెల్లం ఆడ ఏయించు. నాకేమీ ఇయ్యబల్లేదు."

ఇంటాయన నోరు తెరిచే లోపలే ఆయన భార్య వాకిట్లోకి వచ్చేసింది. "అవ్వ సల్లంగుండాల! బండ్లు ఆడికే తిప్పండ్రా!"

ఆ ఇల్లు కారుతుందని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు ఇంటాయనే. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే ఇప్పుడే అన్న మాట ఏమవుతుంది? ఆయన నోరు తెరవడం మూయడం నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగుసార్లు. ఈలోగా బండ్లు వీధి మలుపు తిరిగాయి.

సాయంత్రం మా నాయన ఇంటికొచ్చి నడిమిల్లు చూసి నిర్ఘాంతపోయాడు. నిలబడే చోటు కూడా లేకుండా మూటలు. అక్క వంటింటి మూల చాప మీద కూర్చుని ఉంది. "ఏం పని చేసినావమ్మా? ఉండే ఒక గదీ పాయె గదా!" అన్నాడు.

"ఉండప్పా," అంది అవ్వ. "మన ఏడుపు ఆయప్పకు ఇనపడలా. బెల్లం ఏడుపు ఇనపడతాదేమో సూద్దాం."

మర్నాడు పొద్దెక్కేసరికి కొండ మీద మబ్బు పట్టింది. ఇంకా చినుకు పడలేదు, గాలి మాత్రం చల్లబడింది. వీధి చివర ఇంటాయన కనిపించాడు. పంచె ఎగ్గట్టి పరుగు. ఆయన వెనక నిచ్చెన మోసుకుంటూ ఇద్దరు పనివాళ్లు, వాళ్ల వెనక బండి నిండా కొత్త పెంకులు. జర్మనీవాడు ఇంకా ఓడిపోనే లేదు!

అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. "ఏమబ్బా, సుక్క రాలదంటివంట. ఈ నిచ్చెనేంది?" అని ఎవరో గొంతెత్తి అడిగారు. నిచ్చెన రెండో మెట్టు మీద ఉన్న ఇంటాయన చెవులు మిరపపండ్లలా ఎర్రబడ్డాయి.

మా అవ్వ గడపలోకి వచ్చి వీధంతటికీ వినబడేలా అంది. "పొద్దున కోతులమంద పడి పెంకులన్నీ కదిలిచ్చి పోయినాయి నాయనా. నీకు సెప్పి పంపిద్దామనుకుంటా ఉండా, ఇంతలో నువ్వే వస్తివి."

ఇంటాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. "ఈ కోతులతో సచ్చేదిగా ఉండాదవ్వా!" అంటూ పైకెక్కాడు. వీధివాళ్లు కూడా కోతులను తిట్టి ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. ఆరోజు కోతి అన్నదే రాలేదని నాకు తెలుసు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో అవ్వ ఇంత బెల్లం గడ్డ కుక్కేసింది.

మధ్యాహ్నానికి కప్పు బాగయింది. తర్వాత మూడు రోజులు కురిసిన వానకు నడిమింట్లో చుక్క పడలేదు. పది రోజులకు మంచి ధర వచ్చి బెల్లం మండీకి వెళ్లిపోయింది. ఖాళీ అయిన గదిలో, బయట జడివాన కురుస్తుండగా, మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. పొడిగుడ్డలో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. గదంతా బెల్లం వాసన.

ఇందులో పెంచినవి పెంచాను, మీరు దించుకునే ఉంటారు. ఇరవై నాలుగుసార్లు కాదు, ఏ మూడుసార్లో. కానీ పూర్తిగా నేను కల్పించింది ఒక్కటే ఉంది. నా నోట్లో బెల్లం గడ్డ.

అవ్వ నా నోరు మూయలేదు. నేను మాట పూర్తిచేశాను. "అబద్ధం! ఈ పొద్దు కోతులే రాలా. పోయినేటి నుంచీ కారతానే ఉండాది!" అని వీధి అదిరేలా అరిచాను. వీధంతా పకపకా నవ్వింది. గెలిచాననుకున్నాను. ఇంటాయన చేతిలో పెంకు పట్టుకుని నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. కిందికి చూడలేదు. పనంతా చేయించాడు, ఏమీ తక్కువ చేయలేదు. దిగి వచ్చి, అవ్వ అందించిన మజ్జిగ తాకకుండా వెళ్లిపోయాడు. మేమా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మళ్లీ మా గడప తొక్కలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే జీతగాణ్ణి పంపేవాడు.

అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మజ్జిగ చెంబు అలాగే పట్టుకుని నా పక్కన కూర్చుంది. "ఇల్లు బాగయిపాయె గదరా. ఆ మాటతో మనకింగేమొచ్చింది?" అని అడిగింది.

నా మాట నెగ్గిన చోట ఇంకో మాట నాలుక చివరికి వస్తే, ఈ యాభై ఏళ్ల వయసులో దాన్ని మింగడం నేర్చుకున్నాను. ఆరోజు మాత్రం మింగలేదు. అందుకే ఈ కథ ఎవరికి చెప్పినా, అక్కడికి వచ్చేసరికి నా నోట్లో నేనే ఇంత బెల్లం పెట్టుకుంటాను.