ఆఖరి వరుసకూ ఎంటర్

సోమవారం పొద్దున బోధన్‌లో తన డీటీపీ షాపు షట్టర్ ఎత్తుతూ మా కోడలు పడిపోయింది. నిజామాబాద్ ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. "అయిపోయిందమ్మా" అన్నాడు. "ఏమయిపోయిందిరా, సక్కగ చెప్పు" అని గద్దించాను. చెప్పాడు. ఆ తరువాత చాలాసేపు బియ్యమే ఏరుతూ కూర్చున్నానట. నాకు గుర్తులేదు.

మన ఊళ్ళో ఇది చదివే మీలో చాలామందికి ఆమె పెళ్లిపత్రికలు చేసి ఇచ్చే మనిషిగానే తెలుసు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఆమె టైపు నేర్పింది. మా వాడకట్టు ఆడవాళ్ళు పాడే బతుకమ్మ పాటలను పుస్తకంగా తేవాలని ఇద్దరం పూనుకున్నాం. పాడేవాళ్ళంతా పెద్దవాళ్ళు. రాసుకోకముందే పాట పోతుందేమోనని మా భయం. ఇంతమంది పెద్దవాళ్ళుండగా పోయేది రాసే మనిషి అవుతుందని ఎవరనుకుంటారు?

నేను అక్షరం తప్పితే ఊరుకోను. ఆమె అక్షరమే లేని ఖాళీచోట, కంటికి కనిపించని గుర్తు తప్పినా ఊరుకునేది కాదు.

మొదట్లో ఆమె పంపిన పాటను నా కంప్యూటరులో తెరిస్తే వరుసలన్నీ కలిసిపోయి ఒకటే వరుసగా కనిపించాయి.

"ఇదేం పాటనే, చెరుకు లారీల లెక్క ఆగకుంట పోతున్నది?"

"మీ కంప్యూటర్ పాతది అత్తమ్మా. వరుస అయిందని దానికి రెండు గుర్తులు చెప్పాలె. నాదానికి ఒక్కటి చాలు."

"మరి నీకు?"

"నాకూ ఒక్కటి చాలు. మీరే ఒక్క మాట చెప్పి ఎన్నడు ఊకున్నరు?"

ఇంట్లో నన్ను అలా అనగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంకోసారి నా పాత ఫైళ్ళన్నీ కలిపి ఒకటి చేశాం. నా కంప్యూటరులో తెరిస్తే మొదటి పాట మాత్రమే ఉంది. తక్కినవి లేవు. ఆ పాటలు పాడినవాళ్ళలో ఇద్దరు అప్పటికే లేరు. ఆమె మాత్రం కంగారుపడకుండా ఫైలును తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, మొదటి పాట కింద చిన్న డబ్బాలాంటి గుర్తును చూపించింది. ఫైలు ముగిసిందని చెప్పడానికి పాత ప్రోగ్రాములు పెట్టే గుర్తట. కలిపినప్పుడు అది మధ్యలో ఉండిపోయింది.

"ఇది అయిపోయిందన్నది, మీ ప్రోగ్రాం నమ్మి ఆగిపోయింది. కిందియి కిందనే ఉన్నయి అత్తమ్మా" అంటూ ఆ గుర్తును చెరిపేసింది. నా కంప్యూటరులో మళ్ళీ తెరిచాం. పాటలన్నీ ఉన్నాయి.

సోమవారం నిజామాబాద్ వెళ్ళాక, ఆసుపత్రి వరండాలో నాకు ఆ మాటే గుర్తుకొచ్చింది. డాక్టరు చెప్పినదాన్ని నేను ఇప్పటికీ నమ్మలేదు.

నాకొక మొండి అలవాటు ఉండేది. పాట పూర్తయ్యాక ఎంటర్ కొట్టేదాన్ని కాదు. అయిపోయినదానికి ఇంకో వరుస దేనికని నా వాదన. ఫైళ్ళు కలిపితే ఒక పాట చివరి వరుసకు తరువాతి పాట మొదటి వరుస అతుక్కునేది. ఆమె విడదీస్తూ అనేది: "ఆఖరి వరుసకు గూడ ఎంటర్ కొట్టుండ్రి అత్తమ్మా. ఎనకొచ్చేదానికి జాగ ఉండాలె."

నిన్న ఆమె ల్యాప్‌టాప్ తెరిచాను. పుస్తకంలోని చివరి పాట సగంలోనే ఉంది. ఫైలు మీద శనివారం తేదీ ఉంది. పెళ్లిపత్రికల కోసం ఎవరో వచ్చి ఉంటారు, ఆమె లేచి ఉంటుంది. ఆఖరి మాట పక్కనే కర్సర్ ఆగి ఉంది.

ఆ పాట పాడింది మా వెనకింట్లో బీడీలు చుట్టే పెద్దమ్మ. ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. బీడీల చాట పక్కన పెట్టి తెర వైపు చూసింది.

"ఏడిదాంక రాసింది పిల్ల?"

చదివి వినిపించాను.

"గాడికెల్లే పాడుత టీచరమ్మా. మొదటికెల్లి నాతోని కాదు."

ఆమె పాడింది, నేను టైపు చేశాను. పాట పూర్తయింది. పెద్దమ్మ మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది.

ఆఖరి వరుసకు ఎంటర్ కొట్టాను. కర్సర్ కింది ఖాళీ వరుసలోకి దిగి, అక్కడ కొట్టుకుంటూ నిలబడింది.