డబ్బా తెస్తే పాత రేటే

మా కర్రీ పాయింట్ సూర్యాపేటలో, బస్టాండు వెనక సందులో ఉంది. బోర్డు మీద పేరు లేదు. 'కూరలు, పప్పు, పచ్చిపులుసు' అని మాత్రం ఉంటుంది. ఆ అక్షరాలు నేనే రాశాను. పదకొండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పిన చెయ్యి కాబట్టి రాత కాస్త గుండ్రంగా వస్తుంది. కరోనా వచ్చినప్పుడు స్కూలు మూశారు. మళ్లీ తెరిచాక సగం జీతానికి రమ్మన్నారు. నేను వెళ్లలేదు. మేం కిరాయికి ఉంటున్న ఇంటి ముందు గదికి రోడ్డు వైపు షట్టర్ ఉంది. దాన్ని ఎత్తి, లోపల రెండు బల్లలు వేసి కూరలు అమ్మడం మొదలుపెట్టాం.

వంట మా అత్తమ్మది. ఆమె వేములపల్లి దగ్గర ఊరి మనిషి. చుట్టుపక్కల పెళ్లిళ్లకు వందమందికి, రెండు వందల మందికి వండి పెట్టిన చెయ్యి. మామ పోయాక మా దగ్గరే ఉంటోంది. కూరగాయలు తరగడం, ప్యాకెట్లు కట్టడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం నా వంతు. మా ఆయన మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. స్కూలుకు వెళ్లే ఒక కూతురు. మొత్తం ఇంతే మేము.

మా దగ్గర కొనేవాళ్లు కూడా మాలాంటివాళ్లే. బస్సు కండక్టర్లు, దవాఖాన నర్సులు, రూములు తీసుకుని చదువుకునే పిల్లలు, బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి పనిచేసే ఆడవాళ్లు. అన్నం ఇంట్లో కుక్కర్లో పెట్టుకుని కూర మాత్రం మా దగ్గర తీసుకుపోయేవాళ్లు. పప్పు ప్యాకెట్ ఇరవై, కూర ఇరవై ఐదు. రెండు కొంటే ముగ్గురు తినవచ్చు.

మొదట మంచినూనె పెరిగింది. తర్వాత కందిపప్పు, ఆ తర్వాత సిలిండర్. ఒక వానాకాలమంతా టమాటాను ముట్టుకోలేక చింతపండుతోనే నెట్టుకొచ్చాం. ఇంటి ఓనరు షట్టర్ గదికి వేరే కిరాయి అన్నాడు. ఇన్ని పెరిగినా మా రేటు మాత్రం అలాగే ఉంచాం. పెంచితే మనుషులు రారన్న భయం నాది. సందు మొదట్లో ఇంకో కర్రీ పాయింట్ కూడా వచ్చింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మామూలుగా వెళ్లని వేళలో నేను వంటింట్లోకి వెళ్లాను. అత్తమ్మ పొయ్యి వెనక పీట వేసుకుని తింటోంది. పళ్లెంలో అన్నం, పక్కన జాడీలోంచి తీసిన మిరపకాయ తొక్కు. పొయ్యి మీద గిన్నె నిండా బెండకాయ వేపుడు ఉంది.

"కూర ఏసుకోలేదేం అత్తమ్మా?"

"తొక్కు తినబుద్ధయింది."

మర్నాడు కావాలనే అదే వేళకు వెళ్లాను. మళ్లీ తొక్కే. మూడో రోజు ఎదురుగా కూర్చుని గట్టిగా అడిగాను.

"నాలుగు ప్యాకెట్లు ఎక్కువ అయితయి గదా బిడ్డా. నాకేమున్నది, ఏదున్నా ముద్ద దిగుతది."

"ఎప్పటిసంది తింటున్నవ్ గిట్ల?"

"సలికాలం నుంచి అనుకుంట," అంది.

నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను, మా ఆయన, మా పాప ఆమె వండిన కూరే తిన్నాం. ఆమె ఏం తింటోందో ఒక్కరం చూడలేదు. నాకు మొదట సిగ్గేసింది. తర్వాత నా మీదే కోపం వచ్చింది. వండే మనిషికి కూర మిగలని దుకాణం ఇంకేం దుకాణం అనిపించింది.

"ఇగ గిది నడవది," అన్నాను.

"దుకాణం బంద్ పెడ్తవా?"

"బంద్ పెట్ట. నువ్వు ముందు కూర ఏసుకో."

గంటెతో బెండకాయ తీసి ఆమె పళ్లెంలో వేశాను. వద్దంటూనే తింది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం నేనే పెట్టేదాన్ని.

ఖర్చు తగ్గించే దారి ఉందేమోనని మొదట అటు చూశాం. మా ఆయన ఖాళీ ఆటోతో మిర్యాలగూడ వెళ్లేటప్పుడు నేనూ ఎక్కి వెళ్లి, హోల్‌సేల్ దుకాణంలో కందిపప్పు బస్తా, నూనె డబ్బాలు తెచ్చాను. దారిలో మాడుగులపల్లి దగ్గర రైతుల దగ్గరే దొండకాయ, గోకరకాయ కొన్నాం. కొంత కలిసొచ్చింది. కానీ నెల తిరిగేసరికి ఆ కలిసొచ్చింది కూడా సిలిండర్ మింగేసింది.

తర్వాత కోదాడ వెళ్లాం, నేను, అత్తమ్మ. అక్కడ మా ఆయన అక్క, అంటే మా వదిన, టిఫిన్ సెంటర్ నడుపుతోంది. సాయంత్రాలు కూరలు కూడా అమ్ముతుంది. పెళ్లయి అక్కడికి వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది, మాట కూడా ఆ వైపు మాటే అయింది. నా బాధ చెప్పగానే నవ్వి, ఒక కవరు తీసి నా ముందు కట్టి చూపించింది. గంటెను సగమే నింపి కూర పోసింది. పై మూతిలో కాస్త గాలి నిలిచేలా పట్టుకుని ముడేసింది.

"చూశావా అమ్మాయ్, ఎంత నిండుగా కనపడుద్దో."

అత్తమ్మ ఆ ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. "గాలి అమ్ముతున్నవా బిడ్డా?" అంది.

వదిన మొహం ఎర్రబడింది. "అందరూ ఇదే చేస్తున్నారమ్మా. రేటు పెంచితే మొహం మీదే అంటారు. ఇది ఎవరికీ తెలీదు. ఇద్దరు పనోళ్లకి జీతాలివ్వాలి, అద్దె కట్టాలి. నేనేం సరదాకి చేస్తున్నానా?"

ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మునగాల దాటాక అంది.

"దాని కష్టం దానిది. మన గంటె మాత్రం మారొద్దు."

"మారది. రేటు మారుస్త."

"అడిగినోళ్లకు నువ్వే సెప్పాలె. నాకు నోరు రాదు."

"నేనే సెప్త."

గోడకు కాగితం అతికించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. డబ్బులు తీసి ఇచ్చే మనిషికి ఎదురుగా చెప్పాలి అనుకున్నాను. శుక్రవారం నుంచి మూడు రోజులు, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పాను. "సోమవారం నుంచి పప్పు ఇరవై ఐదు, కూర ముప్ఫై. ప్యాకెట్ మాత్రం ఇంతే ఉంటది, తగ్గియ్యం." నలభై మంది పిల్లల ముందు పాఠం చెప్పినదాన్ని, ఒక్క మనిషి కళ్లలోకి చూసి అయిదు రూపాయలు ఎక్కువ అడగలేక తడబడ్డాను.

పెద్ద వయసు కండక్టర్ ఒకాయన, "టికెట్ పెంచినప్పుడు నన్నూ అందరు గిట్లనే సూస్తరమ్మా. కట్టు, కట్టు," అన్నాడు. రూములో ఉండి చదువుకునే అబ్బాయి మాత్రం చేతిలో ప్యాకెట్ పట్టుకుని నిలబడిపోయాడు.

"సందు మొదట్ల పాత రేటే ఉన్నది అక్కా."

"ఉన్నది తమ్మీ. నీకు గాడ కుదిరితే గాడనే తీసుకో. నేను తగ్గియ్యలేను."

ఆదివారం సాయంత్రం బట్టల దుకాణంలో పనిచేసే ఆమె వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. పొద్దంతా గిరాకీ ముందు చీరలు పరిచి, మళ్లీ మడతపెట్టే పని. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, భర్త లేడు. రోజూ ఒక పప్పు, ఒక కూర తీసుకునేది. రేటు చెబితే, "సరే అక్కా," అని వెళ్లింది.

సోమవారం కూరలు సగం మిగిలాయి. మంగళవారం తక్కువ వండినా మిగిలాయి. పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు పంచాం. మా ఆయన చూసి చూసి, "పాత రేటే పెట్టరాదు. పంతమెందుకు?" అన్నాడు.

"పంతం కాదు. పాత రేటుకు అమ్మితే ఇంట్ల ఒక్కరు తొక్కుతోని తినాలె. ఎవరు తింటరో నువ్వే సెప్పు."

అప్పటిదాకా ఆయనకు తొక్కు సంగతి తెలియదు. తల్లి వైపు చూశాడు. ఆమె గిన్నెలు కడుగుతూ తలెత్తలేదు. ఆయన లేచి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆటో తీయకముందు, ఎప్పుడూ లేనిది, కత్తిపీట తెచ్చుకుని నా పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టాడు.

రెండో వారానికి కొందరు తిరిగి వచ్చారు. బట్టల దుకాణం ఆమె రాలేదు. ఎనిమిది రోజులు చూశాను. పోయినవాళ్లు పోయారు అని మిగతావాళ్ల విషయంలో సర్దిచెప్పుకోగలిగాను, ఈమె విషయంలో మనసు ఒప్పుకోలేదు. జాకెట్ ముక్క కావాలనే వంకతో ఆమె దుకాణానికి వెళ్లాను. మధ్యాహ్నం కాబట్టి గిరాకీ లేదు. ఆమె వెనక గదిలో టిఫిన్ డబ్బా విప్పి తింటోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూసో, తిను. రాకపోతే అడుగుదామని వచ్చిన."

"మీ తప్పేం లేదక్కా. కిరాయి పెరిగింది, పిల్లల ఆటో పెరిగింది. రోజుకు పది రూపాయలంటే నాకు నెలకు మూడు వందలు. పొద్దున వండిన కూరే రాత్రికి పెడుతున్న. పిల్లలు పప్పు అడుగుతున్నరు, అంతే."

"పాత రేటుకు ఇస్త, రా."

"వద్దక్కా," అంది వెంటనే. "అందరికి ఒక రేటు, నాకొక రేటు వద్దు. నాకు మంచిగ అనిపియ్యది."

నేను ఆమె ఒళ్లోని డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. స్టీలుది, మూత గట్టిగా పట్టేది, మా ప్యాకెట్ పప్పు సరిగ్గా పడుతుంది. ఒక్కో పప్పుకు మేం రెండు కవర్లు, ఒక రబ్బరు బ్యాండు, పైన చేతిసంచి ఇస్తున్నాం. అవన్నీ కొంటున్నాం. కట్టడానికి సాయంత్రమంతా నా చేతులు పోతున్నాయి.

"అందరికి ఒక్కటే రేటు పెడితే వస్తవా?" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకూ అప్పటికి సగమే అర్థమైంది.

ఇంటికి వచ్చి, డబ్బా తెచ్చినవాళ్లకు పప్పు పాత రేటుకే ఇద్దామని అత్తమ్మకు చెప్పాను. కవర్ల ఖర్చు మిగిలినా అయిదు రూపాయలకు సమానం కాదు. ఆ మాటా దాచలేదు.

"పప్పుల ఏం మిగలకున్నా మునగం," అంది ఆమె. "కూరల మీద నడుస్తది. డబ్బా తెస్తె నిండ పోస్త."

బోర్డు కింద మరో వరుస రాశాను. 'పప్పుకు డబ్బా తెస్తే పాత రేటే.'

మొదటి రోజు ముగ్గురే తెచ్చారు. గిన్నె పట్టుకుని రోడ్డు మీద నడవడం చాలామందికి నామోషీ. కవరైతే లోపలున్నది కొనుక్కున్నట్టు, గిన్నె అయితే అడుక్కున్నట్టు అనుకుంటారు. కండక్టరాయన డబ్బాను టికెట్ల సంచిలో దాచి తెచ్చి, అటూ ఇటూ చూసి బల్ల మీద పెట్టాడు. ఒకాయన పాలక్యాను పట్టుకొచ్చి, డబ్బా ఎంతదుండాలో బోర్డు మీద రాయలేదు కదా అన్నాడు. అత్తమ్మ నవ్వకుండా, అందరికీ పోసినంతే కొలిచి అందులో పోసి ఇచ్చింది. ఆయనే నవ్వాడు.

బట్టల దుకాణం ఆమె నాలుగో రోజు వచ్చింది. ముందు బోర్డు చదివింది. తర్వాత వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక సంచిలోంచి మధ్యాహ్నం డబ్బా తీసింది. కడిగి తుడిచి ఉంది. పప్పు పోసి ఇచ్చాను. కూర తీసుకోలేదు. వారానికి రెండు మూడు రోజులు కూర కూడా తీసుకోవడం దసరా తర్వాత మొదలైంది.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. ఆ చదువుకునే అబ్బాయి మళ్లీ రాలేదు. ఆదివారం చికెన్ మానేశాం, దాని ధర ఏ వారానికి ఎంతుంటుందో మాకు అందలేదు. చికెన్ కోసం వచ్చేవాళ్లు మిగతా రోజుల్లో కూడా రావడం తగ్గించారు. కోదాడలో వదిన దుకాణం ఆమె పద్ధతిలో ఇప్పటికీ బాగానే నడుస్తోంది. కలిసినప్పుడు ఆ మాట ఎవరం ఎత్తం. కానీ ఇప్పుడు మా దగ్గర పప్పు తీసుకునేవాళ్లలో సగానికి పైగా డబ్బాలతోనే వస్తారు. నెల కిరాయి కూరల మీదే వెళ్తోంది.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. పొయ్యి ముందు నిలబడే పని ఈ ఏడాది నేను తీసుకున్నాను. మొదటి వారం పప్పు పలచనైందని నలుగురు చెప్పారు. ఆమె కుర్చీలో కూర్చుని, పప్పు ఎప్పుడు మెదపాలో, ఎప్పుడు వదిలెయ్యాలో చెబుతోంది. ఉప్పు మాత్రం ఇంకా ఆమె చెయ్యే.

కిందటి నెల నూనె మళ్లీ పెరిగింది. రెండు రోజులు చూసి, వేపుళ్లకు మరో మూడు రూపాయలు వేయాలని అనుకున్నాం. సాయంత్రం షట్టర్ ఎత్తాక మొదట వచ్చిన నర్సమ్మకు చెప్పాను. ఎందుకని అడిగింది. నూనె డబ్బా ఎంతకు తెచ్చామో చెప్పాను. ఆమె దొండకాయ వేపుడు ఒకటి ఇవ్వమంది. ఇచ్చి, ఆమె వెనక ఉన్న మనిషికీ అదే మాట చెప్పాను.