మంచె మీది గొంతు

దేవుడు నాకు మెదడు పెట్టాల్సిన చోట కూడా గొంతే పెట్టాడు. బళ్ళో ఎక్కం అప్పజెప్పమంటే వీధిలో గేదెలు బెదిరేవి. ఎక్కం మాత్రం తప్పేది. అందుకే మా నాయన ఐదో తరగతిలోనే నన్ను బళ్ళోంచి పీకి, పిట్టల్ని తోలమని జొన్నచేలో మంచె ఎక్కించాడు. ఆ గొంతు చివరికి ఒక పెద్దాయన కోరిక మీద పిడుగులా పడింది. ఎలా పడిందో చెబుతాను, తిట్లు చివరిదాకా దాచుకోండి.

నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజులు. మాచర్లలో నాకు పాఠాలు చెప్పిన దేవదానం మాస్టారు అప్పటికి రిటైరయ్యారు. ఆయన కళ్ళకు నీటికాసులు. వచ్చే ఎండాకాలానికి చూపు పూర్తిగా పోతుందని గుంటూరు డాక్టరు చెప్పేశాడు. అప్పటికే ఆయనకు లోకం సన్న గొట్టంలోంచి చూసినంతే కనిపించేది. ఒక పొద్దున నన్ను పిలిపించారు.

"ఒరేయ్ సాంబయ్యా, నల్లమల్లో వాగెంబడి పైకి పోతే ఒక పిట్ట ఉంటది. తెల్లటి ఒళ్ళు, నల్లటి తల, మూరెడు తోక. వయసులో ఒక్కసారి చూశా. చీకటి పడకముందు ఇంకోసారి చూడాలిరా."

"చీకటి పడేలోపు ఇంటికొచ్చేద్దాం మాస్టారూ!" అన్నాను, ఎంతో తెలివిగా.

"ఆ చీకటి కాదులేరా" అన్నారాయన.

ఆయన భార్య గుమ్మంలోంచి అందుకున్నారు. "పిట్టల్ని తోలేవాణ్ణా మీరు పిట్టల్ని చూడ్డానికి తీసకపోయేది?"

"అమ్మగారూ, పిట్టల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?" అన్నాను రొమ్ము విరుచుకుని.

బస్సు దిగి, రాళ్ళలో, ముళ్ళలో ఆయన చెయ్యి పట్టుకుని నడిపించాను. దారిపొడుగునా నా పాండిత్యం ఏరులై పారింది.

"అదుగో మాస్టారూ, తెల్లగా!"

"అది కొంగరా."

"అయితే అదుగో!"

"కదలట్లేదే? దగ్గరికి పోయి చూడు."

వెళ్ళి చూస్తే కట్టెలు కొట్టేవాళ్ళు ఆరేసుకున్న తువ్వాలు.

చివరికి వాగు పక్కన బండ చాటున కూర్చున్నాం. చెట్ల నీడ చిక్కగా ఉంది. ఊపిరి కూడా అప్పు తెచ్చుకున్నంత పొదుపుగా పీలుస్తున్నాను. అప్పుడొచ్చిందండీ! తెల్లటి తోక గాలిలో తేలుతూ వచ్చి కొమ్మ మీద వాలింది. మాస్టారి తల మెల్లగా అటు ఇటు తిప్పి సరిచేశాను.

"దొరికిందిరా... తోక దొరికింది... ఉండు, పైకి పోతన్నా... తల ఏడుందో..."

సరిగ్గా అప్పుడే మా నెత్తిమీదుగా చిలకల గుంపు కీచుమంటూ దూసుకొచ్చింది.

మీరెప్పుడూ మంచె ఎక్కి ఉండరు కాబట్టి చెబుతున్నాను. చిలకల గోల వినపడ్డాక ఆలోచించేవాడి చేలో కంకులు మిగలవు. ముందు అరవాలి, ఆ తర్వాతే కళ్ళు తెరవాలి.

"హోయ్! హోయ్! హో హో హోయ్!"

లేచి నిలబడి, చేతిలో లేని వడిసెలకు రాయి కూడా వెతుక్కుంటున్నాను. నా అరుపు కొండకు కొట్టుకుని తిరిగొచ్చి, ఆ వెధవ ఎవడని నన్నే అడిగింది. వాగు వాగంతా ఖాళీ అయింది. కప్పలు సైతం నోళ్ళు మూసుకున్నాయి.

మాస్టారి ముఖం ఇంకా ఆ కొమ్మవైపే ఉంది.

"ఏందిరా అది?"

"చిలకలు మాస్టారూ... కంకులు..."

"ఎవరి కంకుల్రా?"

నల్లమల అంతా వెతికినా అక్కడ ఒక్క జొన్నమొక్క లేదు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అది మళ్ళీ రాలేదు. తిరుగు బస్సులో ఆయన ఒకే ఒక్క మాట అన్నారు: "తోక చానా బాగుందిరా." నాలుగు తన్నినా బాగుండేది.

డాక్టరు మాట తప్పలేదు. ఎండాకాలం వచ్చింది, ఆయన చూపు పోయింది.

అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. మా అమ్మ మీద, అయ్య మీద, మా చేలో ఆఖరి జొన్నకంకి మీద ఒట్టు: పిట్ట ఉన్న దరిదాపుల్లో ఇక నోరు విప్పను. తుమ్ము వచ్చినా ఇంటికెళ్ళే తుమ్ముతాను.

కొన్నాళ్ళకు ధైర్యం చేసి ఆయన్ను చూడబోయాను. అమ్మగారు చల్లిన నూకలు తింటూ వసారాలో పిచికలు కిచకిచలాడుతున్నాయి. మాస్టారు కుర్చీలో కూర్చుని వింటున్నారు. చెప్పులు వీధిలోనే విడిచి, పెదాలు బిగించి, పిల్లిలా గడప దాటాను. పిచికలన్నీ ఒక్కసారిగా బుర్రున లేచిపోయాయి.

"రారా సాంబయ్యా" అన్నారు మాస్టారు.

"ఈసారి నేను నోరే తెరవలేదు మాస్టారూ!"

"నువ్వు తెరవక్కర్లేదురా. అడవి పిట్టలు ఊరి పిట్టలకు ఎప్పుడో చెప్పేసుంటాయి."