వీరేశం పటేల్ ఎనిమిది ఓట్లు

నార్సింగిలో వీరేశం పటేల్ ఇంటికి రాజకీయం పొలంతో పాటే వచ్చింది. తాత పోలీసు పటేల్, తండ్రి సర్పంచ్, ఆ తర్వాత వీరేశం రెండుసార్లు సర్పంచ్. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయింది. పొలంలో టవర్లు లేచాయి, ఆయన వాటాకి తొమ్మిది ఫ్లాట్లొచ్చాయి. పదవి లేని పటేల్‌కి మాత్రం అన్నం సయించడం మానేసింది.

దానికి తోడు వెనక గేటు గొడవ. ఆ గేటు దాటితే పోచమ్మ గుడి. భద్రత పేరు చెప్పి అసోసియేషన్ వాళ్లు తాళం వేశారు. నిరుడు బోనాలకి ఆడవాళ్లు నెత్తిన బోనాలతో, లారీల మధ్య, సర్వీస్ రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లారు. ఆయన భార్య బుచ్చమ్మకి మోకాళ్లు వాచిపోయాయి.

"మన భూమిలకెల్లి అమ్మకాడికి పోనీకి తొవ్వ లేదాయె," అందామె.

గేటు తెరిపిస్తానని వీరేశం అసోసియేషన్ అధ్యక్షుడిగా నిలబడ్డాడు.

ఫ్లాటుకో ఓటు. ఒకటి తనకుంచుకుని, కిరాయికిచ్చిన ఎనిమిది ఫ్లాట్ల ఓట్లనీ అందులో ఉండేవాళ్లకే ఏడాదికి రాసిచ్చేశాడు. అన్నీ మీరే వేసుకోవచ్చు కదా అని పక్క ఫ్లాటువాడిగా నేను మొత్తుకున్నాను. తన ఓట్లు తనే వేసుకుంటే పటేల్ పరువేం కావాలట!

"మనింట్ల ఉన్నోళ్లు మనకెయ్యక ఎవరికేస్తరు? నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ ఎనిమిది మందిలో ఆరుగురు అవినాష్‌కి వేశారు. లిఫ్టులు బాగుచేయిస్తానన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడతను. పటేల్ అయిదు ఓట్ల తేడాతో ఓడిపోయి మూడు రోజులు గడప దాటలేదు. నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

ఆదివారం మీటింగుకి బుచ్చమ్మే బలవంతాన పంపింది. వెనక వరసలో కూర్చున్నాడు. లిఫ్టుల సంగతి ముగియగానే, ఆయన ఫ్లాట్లలోనే ఒకదాంట్లో అద్దెకుంటున్న భీమవరం భ్రమరాంబగారు లేచారు.

"బోనాల రోజు వెనక గేటు తియ్యాలండి. బుచ్చమ్మగారి మోకాళ్లు నేను చూశాను. ఈ ఏడాది ఓటు మాదే కదండీ, ఇదిగో చెయ్యెత్తుతున్నాను."

కిరాయిదార్లు ఎనిమిది మందీ చేతులెత్తారు. వాళ్లని చూసి ఇంకో నలభై. అవినాష్ సరేనన్నాడు.

బోనాలనాడు తాళం తీశారు. బుచ్చమ్మ నెత్తిన బోనంతో నిమ్మళంగా గేటు దాటింది. పటేల్ కళ్లు తుడుచుకుంటూ నా భుజం పట్టుకున్నాడు. ఓడిపోయిన మనిషికి అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

"మా నాయిన ముంగట ఊరంత చెయ్యెత్తేది," అన్నాడు. "భయానికి ఎత్తిండ్రు. వీళ్లు నేను అడగకముందే ఎత్తిండ్రు."